ఒళ్ళు తగ్గాలనుంది, కాలే కదలట్లేదు: నడివయసు గోదారోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో ఎరువుల కొట్టు. వయసు 53. ఐదేళ్ళ కిందట 94 కిలోలుండేవాణ్ణి, ఇప్పుడు 81. యూరియా కోసం వచ్చినవాళ్ళు బస్తా సంగతి పక్కనపెట్టి "ఎలా తగ్గావు బాబాయ్, ఏం మందు వాడావు?" అని అడుగుతుంటారు. రోజుకి నాలుగుసార్లు ఇదే పురాణం విప్పుతున్నానని మా ఆవిడ విసుక్కున్నాక, అడిగేవన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాదు. వాళ్ళ దగ్గరకు వెళ్ళాల్సిన చోట వెళ్ళమనే రాశాను.

తగ్గాలని ఉంటుందండి, కానీ పొద్దున్నే లేవబుద్ధి కాదు. ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వస్తుంది?

రాదండి. వస్తుందని నేను 40 నుంచి 48 దాకా ఎదురుచూశాను. ఏటా జనవరి ఒకటిన వచ్చేది, అరిసెల పాకం పొయ్యెక్కే టైముకి వెళ్ళిపోయేది. ఆరంభశూరులని మనకి పేరు ఊరికే రాలేదు.

నాకు అర్థమైనంతలో ఈ వ్యవహారం తిరగేసి ఉంది. బుద్ధి పుట్టాక కాలు కదలదు. కాలు కదిలిన ఓ పది నిమిషాలకి బుద్ధి పుడుతుంది. ఆకలి లేదని మొరాయించినవాడు ఆవకాయ కలిపిన మొదటి ముద్ద నోట్లో పడ్డాక కంచం దగ్గరకు లాక్కుంటాడు చూడండి, అలాగన్నమాట. అందుకని నేను పట్టుదల సంగతి వదిలేసి ఆ మొదటి ముద్ద సంగతి చూసుకున్నాను. రాత్రి పడుకునే ముందు బూట్లు, మేజోళ్ళు, టార్చిలైటు వీధి తలుపు పక్కన పెట్టేవాణ్ణి. ఫోను మంచం దగ్గర కాకుండా వంటింటి గట్టు మీద చార్జింగు పెట్టేవాణ్ణి, అలారం నొక్కాలంటే లేచి వెళ్ళక తప్పదు. నాతో నేను చేసుకున్న ఒప్పందం ఒక్కటే: కాలవ తూము దాకా వెళ్ళి రావడం. మా ఇంటి నుంచి ఆరు నిమిషాలు. అక్కడ నిలబడ్డాక ఇంక వద్దనిపిస్తే వెనక్కి తిరగొచ్చు, తప్పులేదు. మొదటి నెలలో తొమ్మిదిసార్లు తూము దగ్గర్నుంచే వచ్చేశాను. మిగతా రోజులు లాకుల దాకా పోయాను.

అలవాటు పడాలంటే 21 రోజులు చాలంటారు. ఆ లెక్క నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన పరిశోధనలో, మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. తొందరగా కుదిరినవాళ్ళకి 18, బాగా ఆలస్యమయ్యేవాళ్ళకి 254 అని అంచనా కట్టారు. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా అందులోనే తేలింది. నాకు నాలుగు నెలలు పట్టింది.

మరి మీకు మొదట్లో ఏం తగిలింది? ఏదో ఒకటి జరిగే ఉంటుంది కదా?

జరిగింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు మీద వెళ్ళాను, బండితో సహా. గోదారి పాటు మీద ఉంది, నీళ్ళు బాగా తీసేశాయి. అలాంటప్పుడు పంటు దిగినచోటు నుంచి ఒడ్డు ఎక్కే ఏటవాలు పొడుగవుతుంది, కాలి కింద బురద. బండి స్టార్టవ్వలేదు, తోసుకుంటూ ఎక్కుతున్నాను. సగంలో ఆయాసం వచ్చి ఆగిపోయాను. హ్యాండిలు పట్టుకుని నోటితో గాలి పీలుస్తుంటే వెనకనుంచి ఓ కుర్రాడు, "పెద్దాయనా, మీరు పక్కకి రండి, బండి నేనెక్కిస్తాను" అన్నాడు. వెటకారం చేసినా బాగుండేది, తిట్టేవాణ్ణి. వాడి మర్యాదకి ఏమీ అనలేక బండి చేతికిచ్చేశాను. అప్పటికి నాకు 48 నిండలేదు.

ఇక్కడిదాకా విన్నవాళ్ళందరూ "మర్నాడే మొదలెట్టేశారా?" అంటారు. లేదండి. మర్నాడు కొట్లో కూర్చుని పుణుకులు తిన్నాను. మూడు నెలలు గడిచిపోయాయి. సిగ్గు కూడా పట్టుదల లాంటిదే, నాలుగు రోజులుంటుంది. అసలు నడక మొదలైంది నా బండి ఇంజను పని మీద మెకానిక్ దగ్గర ఆరు రోజులు ఉండిపోయినప్పుడు. ఇంటి నుంచి కొట్టుకి కాలవ గట్టు వెంట కిలోమీటరున్నర. వేరే దారి లేక నడిచాను. ఏడో రోజు బండి వచ్చింది. దాని మీద కొట్టుకెళ్తే ఏదో మర్చిపోయి వచ్చినట్టనిపించింది. మర్నాటి నుంచి బండి ఇంట్లోనే.

మీరు ఇంజను పాడయ్యేదాకా ఆగక్కర్లేదు. తాళంచెవి ఇంట్లోవాళ్ళ చేతికిచ్చినా అదే పని జరుగుతుంది.

మా నాన్న మూడు పూటలా అన్నమే తిన్నాడు, బక్కగానే ఉండేవాడు. నేను అంతే తింటే ఒళ్ళు చేస్తున్నానేంటి?

కంచం అదే, పని పోయింది. మీ నాన్నగారు సైకిలు తొక్కి చేలోకి వెళ్ళి, గట్లు చెక్కి, నారు కట్టలు మోసి, కుప్పలు నూర్చి వచ్చి తిన్నారు. ఇప్పుడు కోత మిషను గంటలో ఎకరం కోసి పోతోంది, పురుగుమందు డ్రోనుతో కొట్టిస్తున్నారు, రైతు గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడుతున్నాడు. నేనైతే నిలబడటం కూడా లేదు. గల్లాపెట్టె వెనక కుర్చీ, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది. చేలో పనిచేసేవాడి తిండి కుర్చీలో కూర్చుని తిన్నాను.

"వయసొచ్చింది, మెటబాలిజం పడిపోయింది" అని, అంటే ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గిపోయిందని ఒక సాకుంది, నేనూ వాడాను. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు తీసి 2021లో ప్రకటించిన అధ్యయనం ఆ సాకు కాస్తా లాగేసుకుంది. ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే, 20 నుంచి 60 ఏళ్ళ దాకా ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంటుందట. కరిగిపోయేది కండ. 30 దాటాక పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుందని అంచనా, పని చెప్పనివాళ్ళకి ఇంకా తొందరగా. కండ తన శక్తిని ఎక్కడ దాచుకుంటుందో తేల్చినవాళ్ళలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండలో శక్తిని దాచే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్ సంగతి 1927లో, ఏటీపీ సంగతి 1929లో బయటపెట్టారు. ఆయన పుట్టిన ఊళ్ళోనే ఇవాళ పక్క వీధి కిరాణా కొట్టుకి బండి తీస్తున్నాం.

ఎంతుంటే ఎక్కువున్నట్టు?

కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. మనవాళ్ళకి అది 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. తెల్లవాళ్ళకి పెట్టిన 25, 30 మనకి పనికిరావు, మనకి తక్కువ బరువుకే పొట్టలో కొవ్వు చేరుతుంది. నడుము చుట్టు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. టేపు లేని మగవాళ్ళకి మొలతాడు ఉండనే ఉంది. నాది ఏటేటా వదులు చేసుకుంటూ పోయాను. తగ్గడం మొదలయ్యాక ముందు చెప్పింది కూడా అదే, కాటా కాదు. ఓ రోజు స్నానం చేస్తుంటే కిందకి జారింది.

అన్నం మానేసి చపాతీ తినాలా?

నేను మానలేదు. అంటే, ఒకసారి మానాను. మూడో వారంలో రాత్రి పదకొండింటికి వంటింట్లో దొంగలా తపేలా మూత తీస్తూ దొరికిపోయాను. అన్నం మానేసి నూనె రాసిన చపాతీలు ఐదు తింటే లాభమేమిటి?

మన స్వర్ణ బియ్యం ఉంది చూశారూ, ఎంటీయూ 7029, మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టి 1982లో బయటికొచ్చిన రకం. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు 235 రకాల బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ లెక్కలు తీసి 2012లో చెబితే, 48 నుంచి 92 దాకా వచ్చాయి. స్వర్ణ తక్కువ వైపే నిలిచింది. అంటే రక్తంలో చక్కెరని మరీ ఒక్కసారిగా ఎగదొయ్యదు. ఈ ముక్క చెప్పగానే మా కొట్టుకొచ్చే రైతులు "అయితే ఇంకో గరిటె వేసుకోవచ్చన్నమాట" అంటారు. చిక్కంతా అక్కడే. ఏ రకమైనా 100 గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటాయి. నాబోటివాడు అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 150 అటూ ఇటూ. మారు వడ్డించుకున్న అన్నం ఆ నడకని మింగేస్తుంది. బరువు తగ్గేది ఎక్కువగా కంచం దగ్గరే. నడక చేసే మేలు వేరు: గుండె, చక్కెర, నిద్ర, మోకాళ్ళు, తగ్గింది మళ్ళీ రాకుండా చూడటం.

మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. బియ్యం కొలిచే గ్లాసు మార్చలేదు, లెక్క మార్చాం. మధ్యాహ్నం నలుగురికి నాలుగు గ్లాసులు పోసేది మా ఆవిడ, ఇప్పుడు రెండున్నర. ఖాళీ అయిన జాగాలోకి కూర వచ్చింది: బీరకాయ, ఆనపకాయ, గోరుచిక్కుడు, తోటకూర. కూర్చోగానే ముందు ఓ కప్పు కూర ఉత్తదే తింటాను. పప్పో గుడ్డో చేపో ఉండాల్సిందే. తర్వాత అన్నం రెండు గరిటెలు, పెరుగులోకి ఓ ముద్ద. మొదటి పది రోజులు కడుపు ఖాళీగానే ఉన్నట్టుంది, అబద్ధమెందుకు.

నూనె సంగతి మా ఆవిడే కనిపెట్టింది. కొత్త క్యాను తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తారీకు రాసింది. ఐదు లీటర్లు 34 రోజులకి అయిపోయింది. లీటరు నూనెలో 8,000 క్యాలరీలు పైమాటే. ఆ తర్వాత క్యాను 50 రోజులొచ్చింది. కూరల్లో రుచి తగ్గినట్టు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసిందల్లా నాకే, సాయంత్రం పుణుకులు లేనప్పుడు.

చుట్టాలింటికెళ్తే కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. ఎలా?

మనవైపు ఇది పెద్ద చిక్కేనండి. "ఏంటండీ, మా వంట నచ్చలేదా?" అన్న ఒక్క మాటకి ఎన్ని సంకల్పాలు కూలాయో. నేను గమనించిందేంటంటే, వడ్డించేవాళ్ళు మన మాట వినరు, కంచం చూస్తారు. ఖాళీ అయితే వేస్తారు, నిండుగా ఉంటే పక్కవాడి దగ్గరకు పోతారు. కాబట్టి నెమ్మదిగా తినండి. "మీ గుత్తివంకాయ ఇంకొక్కటి వెయ్యండి" అని మీరే అడగండి. ఆవిడ మొహం వెలిగిపోతుంది, అన్నం గిన్నె సంగతి మర్చిపోతుంది. అత్తారింట్లో మాత్రం ఇవేవీ పనిచెయ్యవు. ఆ పూటకి తినేసి రావడమే.

సంక్రాంతికో?

నాలుగు రోజులూ తినండి. ఒళ్ళు చేయించేది పండగ కాదు, పండగయ్యాక మిగిలిన డబ్బాలు. అరిసెలు, సున్నుండలు, ఎవరో తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు. రథసప్తమి దాకా వంటింట్లోకి వెళ్ళిన ప్రతిసారీ చెయ్యి ఆ డబ్బాలోకే పోతుంది. ముక్కనుమ నాడు మేము కట్టకట్టి కొట్లో హమాలీలకి పంచేస్తాం. అవి అరిగేంత పని వాళ్ళకుంది.

పులస తినొచ్చా?

పుస్తెలమ్మయినా తినమన్నారు పెద్దలు, వద్దనడానికి నేనెవర్ని? ఆ ధరకి ఎక్కువ తినే ప్రమాదమూ లేదు.

వారానికి రెండుసార్లు మందు పుచ్చుకుంటాను. అదీ లెక్కలోకొస్తుందా?

వస్తుంది. గ్రాము ఆల్కహాలుకి 7 క్యాలరీలు, పక్కన నంజుకునే వేపుడు వేరే. ఇంతకుమించి చెబితే మీరు కొట్టుకి రావడం మానేస్తారు.

నడుస్తుంటే "ఏం, షుగరొచ్చిందా?" అని అడుగుతున్నారు. చిరాకేస్తోంది.

అందరినీ అడుగుతారు. మన పల్లెల్లో తెల్లారగట్ల బూట్లేసుకుని నడిచేవాడు రెండే రకాలు: కొత్తగా షుగరొచ్చినవాడు, హైదరాబాదు నుంచి సెలవుకొచ్చినవాడు. లాకుల దగ్గర టీకొట్టాయన నన్ను నెలరోజులు అడిగాడు. మొదట్లో "రాకుండా చూసుకుందామని" అంటూ వివరంగా చెప్పేవాణ్ణి. చివరికి ఓ రోజు "ఆయ్, వచ్చిందండి" అనేశాను. ఆ రోజుతో అడగడం ఆగింది, నా టీలో పంచదార కూడా తగ్గించాడు.

ఆడవాళ్ళం రోడ్డు మీద నడిస్తే బాగుంటుందా? అయినా మాకు ఇంటి పనే సరిపోతుంది కదా?

ఇది మా ఆవిడ చెప్పాల్సింది, అడిగి రాస్తున్నాను. ఆవిడకి 49. మొదట్లో ఒక్కతే వెళ్ళడానికి సిగ్గుపడి చేతిలో పూల సజ్జ పట్టుకుని బయల్దేరేది. ఎవరైనా అడిగితే పూజకి పూలు. నందివర్ధనం, గన్నేరు ఉన్న దొడ్లన్నీ దాటేసి రెండు కిలోమీటర్లు పోయి, ఖాళీ సజ్జతో తిరిగొచ్చేది. ఎదురింటి వదినగారు ఓ రోజు పట్టేశారు. "రోజూ పూలకెళ్తావు, ఒక్క పువ్వూ కనపడదేంటే?" అన్నారు. మర్నాటి నుంచి ఆవిడా ఓ సజ్జ పట్టుకుని వచ్చారు. ఇప్పుడు ఐదుగురయ్యారు, సజ్జలు పోయాయి. చీరల మీదే నడుస్తారు, కాళ్ళకి మాత్రం బూట్లు. ఒక్కతే వెళ్తే ఊరంతా చూసింది, ఐదుగురు వెళ్తుంటే పలకరిస్తున్నారు.

ఇంటి పని కూడా కదలికే, లెక్కలోకి రాదని కాదు. కానీ రుబ్బురోలు, బావి చేద, రోకలి ఎప్పుడో పోయాయి. మిగిలినవి నిలబడి చేసే పనులు. నడుము లాగుతాయి గాని గుండె వేగం పెంచవు. మా ఆవిడైతే ఇంకో మాట అంది: "ఆ అరగంటా నన్నెవరూ పిలవరు. అందుకే వెళ్తున్నాను, బరువు సంగతి తర్వాత." మగవాళ్ళకి నేను చెప్పేదొకటే, ఆ అరగంటా కాఫీ మీరే పెట్టుకోండి. నేను రెండుసార్లు పాలు పొంగబెట్టి నేర్చుకున్నాను.

నెలసరి ఆగే వయసులో పొట్ట వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గేకొద్దీ తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టకి మళ్ళుతుంది, ఎముక కూడా పలచబడుతుంది. అందుకని ఆ వయసులో నడకతో సరిపెట్టకుండా కండకి బరువు తగిలే పని ఉండాలి. నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ కనబడినా, ఒళ్ళు ఉన్నట్టుండి పెరిగినా డాక్టరమ్మకి చూపించుకోండి. థైరాయిడ్ కూడా ఒకసారి.

మోకాళ్ళ నొప్పులండి, నడిస్తే ఇంకా అరిగిపోవూ?

అరుగుదల ఉందన్నారని కూర్చుండిపోతే తొడ కండ తగ్గి, మొత్తం భారం మోకాలి మీదే పడుతుంది. ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క. నేను దించుకుంది 13 కిలోలు, అంటే 26 కిలోల బియ్యం బస్తాలో సరిగ్గా సగం. ఐదేళ్ళ కిందట పొద్దున్నే ఆ సగం బస్తా ఎత్తుకునే మంచం దిగేవాణ్ణి.

ముందు కుర్చీతో మొదలుపెట్టండి. చేతులు గుండెల మీద కట్టుకుని లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. పదిసార్లు. వినాయకుడి ముందు తీసే గుంజీళ్ళే, సగం లోతులో. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. పంక్తి భోజనానికి కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలనా? మొదట్లో పక్కవాడి భుజం పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు లేస్తున్నాను, ఎటొచ్చీ అందరూ బల్లల మీదే పెడుతున్నారు. మోకాలు వాచినా, ఎర్రబడినా, మడత దగ్గర పట్టేసినా ఈ చిట్కాలు వద్దు, డాక్టరే.

జిమ్ములో చేరమంటారా?

నాకు 45 ఉన్నప్పుడు ఓ జిమ్ములో, కలిసొస్తుందని ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టాను. మొదటి రోజే అక్కడి కుర్రాడు నాచేత బరువుతో 40 గుంజీళ్ళు తీయించాడు. మర్నాడు మరుగుదొడ్లో గోడ పట్టుకుని లేచాను. మొత్తం మీద పదకొండు రోజులు వెళ్ళాను. రోజుకి ఎంత పడిందో లెక్కేస్తే పులస గుర్తొచ్చింది.

జిమ్ము చెడ్డది కాదు. దగ్గర్లో ఉండి, నేర్పేవాడికి ఓపికుంటే వెళ్ళండి, నెలకి నెల కట్టండి. లేకపోతే వారానికి రెండు రోజులు ఇంట్లోనే కుర్చీ గుంజీళ్ళు, గోడకి చేతులానించి దండీలు, రెండు చేతుల్లో నీళ్ళ క్యాన్లు పట్టుకుని దొడ్డి చుట్టూ తిరగడం. ఉత్సాహం ఎక్కువై యూరియా బస్తా జోలికి మాత్రం వెళ్ళకండి. 45 కిలోలది. నేను వెళ్ళి, నడుము పట్టేసి నాలుగు రోజులు పడుకున్నాను.

రోజూ పదివేల అడుగులు నడవాలా?

ఆ సంఖ్య పుట్టింది ఆస్పత్రిలో కాదు, బజార్లో. 1965లో జపాన్లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరే పదివేల అడుగుల మీటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందేంటంటే వారానికి 150 నుంచి 300 నిమిషాలు, వారంలో రెండు రోజులు కండలకి పని. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు చాలు మొదలెట్టడానికి. ఎంత వేగమంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మొదలెట్టే ముందు డాక్టరుకి చూపించుకోవాలా?

నడిస్తే గుండెల్లో పట్టేసినట్టున్నా, కొద్ది దూరానికే ఆయాసమొచ్చినా, కళ్ళు తిరిగినా, గుండె జబ్బుగానీ అదుపులో లేని బీపీగానీ ఉన్నా తప్పకుండా. షుగరుకి ఇన్సులిను, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకి నడకలో చక్కెర పడిపోవచ్చు, జేబులో గ్లూకోజు పొడో పంచదారో ఉంచుకోండి. షుగరున్నవాళ్ళు ఒట్టికాళ్ళతో గట్టెక్కొద్దు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మిగతావాళ్ళు బీపీ, షుగరు ఒకసారి చూపించుకుని మెల్లగా మొదలెట్టొచ్చు.

ఎండాకాలం, వానాకాలం ఎలా? కుక్కలూ, పాములూ?

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాలవలు తవ్వించింది నీళ్ళకీ పడవలకీ అయినా, మనకి నడిచే దారి కూడా ఇచ్చిపోయాడు. ఎత్తుపల్లాల్లేవు, చెట్ల నీడ, దారి తప్పే భయం లేదు. ఎటొచ్చీ వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున బురద ఎండి వాసనేస్తుంది. ఆ రెండు నెలలూ ఊరి రోడ్డే నయం. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకే ఉక్క మొదలవుతుంది, కాబట్టి ఐదింటికి బయల్దేరి ఆరింటికి ఇంట్లో పడాలి. వెళ్ళేముందు గ్లాసుడు నీళ్ళు, వచ్చాక మజ్జిగ. వానల్లో గట్టు జారుడుబల్ల, వెళ్ళొద్దు. వరండాలో తిరగండి, గుళ్ళో ప్రదక్షిణలు చెయ్యండి. మా ఊళ్ళో ఒకాయన ముసురు పట్టినన్ని రోజులూ రైతుబజారు షెడ్డు కింద తిరుగుతాడు, కూరలు కూడా ముందే ఏరుకుంటాడు.

అసలు మొదలెట్టడానికి మంచి రోజులు కార్తీకమాసం. చలి ఆరంభం, ఎలాగూ ఇంట్లోవాళ్ళు తెల్లారగట్లే లేస్తారు. ఇది చదివేది మాఘంలో అయితే కార్తీకం కోసం ఆగమని కాదు.

కుక్కలకి చేతికర్ర చాలు, పరుగెత్తొద్దు. పాములకి టార్చి నేల మీద వెయ్యాలి, గడ్డిలో అడుగు పెట్టకూడదు. నన్నడిగితే వీటన్నిటికంటే రొయ్యల లారీలే ప్రమాదం. రోడ్డు మీద చెవుల్లో పాటలు పెట్టుకోకండి.

వారానికో సూది వేయించుకుంటే తగ్గిపోతారట కదా?

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనేవి. పనిచేస్తాయి, ఆ మాట దాచకూడదు. కొందరికి అవసరం కూడా. కానీ వికారం, వాంతులు ఉంటాయి, కొవ్వుతోపాటు కండా కరుగుతుంది, ఆపేస్తే బరువు చాలామందికి వెనక్కొస్తుంది. డాక్టరు చూసి రాయాల్సిన మందు. మెడికల్ షాపబ్బాయి మాట మీద వేయించుకోకండి. నేల చూడకుండా పక్కచేలో వేశారని ఎరువు వేసినవాళ్ళ సంగతి నేను రోజూ చూస్తున్నాను.

రెండు నెలలైంది, కాటా కదలట్లేదు. ఇదంతా దండగేనా?

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్నవాళ్ళ మీద చేసి 2006లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళకి మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు చూస్తే, చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే కాటాకి తెలియని పనేదో లోపల జరుగుతోంది.

కాటా మాత్రం రోజూ ఎక్కకండి. ఎండుచేపల పులుసు తిన్న మర్నాడు ఉప్పుకి నీరు పట్టి కిలో ఎక్కువ చూపిస్తుంది, ఆ కోపంతో నేను ఓసారి దాన్ని మంచం కిందకి తన్నాను. ఆదివారం పొద్దున ఒక్కసారి చాలు. నా 13 కిలోల్లో మొదటి ఏడాది 7, రెండో ఏడాది 4, మిగతా మూడేళ్ళలో 2.

మొదలెట్టి మానేశాను. మళ్ళీ ఎలా?

నేను ఏటా మానేస్తాను. సార్వా ఊడ్పుల్లో ఐదున్నరకే కొట్టు తెరవాలి, మూడు నాలుగు వారాలు గట్టు మొహం చూడను. మొదటి ఏడాది "ఇంక అయిపోయింది" అనుకున్నాను. ఇప్పుడు కాలవ కట్టేశారనుకుంటాను, నీళ్ళు మళ్ళీ వదులుతారు. తిరిగి మొదలెట్టిన రోజు మాత్రం లాకుల దాకా పోను. తూము దాకా వెళ్ళి వచ్చేస్తాను, కొత్తవాడి లెక్కనే.

బాబాయ్, మేమూ మీతో రావచ్చా?

రండి. ఐదుంపావుకి తూము దగ్గర ఉంటాం. ఎవరికోసమూ ఆగం, వెనక్కొచ్చేటప్పుడు ఎదురుపడతాం. టార్చిలైటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటి వారం టీ డబ్బులు కొత్తవాళ్ళవి.